మాత్ర వేసుకోవాల్సింది బండి ఎక్కక ముందు

ప్రశ్న: నా వయసు 34. చిన్నప్పటి నుంచి నాకు బస్సు పడదు. ఈ మధ్య కారెక్కినా అరగంటకే కడుపులో తిప్పి వాంతులవుతున్నాయి. వికారం మొదలవగానే మాత్ర వేసుకుంటున్నా గుణం లేదు. ఇంట్లో అలర్జీకి వాడే సెటిరిజిన్ ఉంది. అదీ ప్రయాణం మాత్రల్లాగే యాంటీహిస్టమినే (శరీరంలోని హిస్టమిన్ అనే రసాయనాన్ని అడ్డుకునే మందు) కదా, వేసుకోవచ్చా? మా ఐదేళ్ల పాపకూ ఇదే ఇబ్బంది. నా మాత్రలో సగం ఇవ్వవచ్చా?

జవాబు: మీ మందులో లోపం లేకపోవచ్చు. వేసుకునే వేళే తప్పుతోంది. ఒకసారి కడుపులో తిప్పడం మొదలైతే జీర్ణాశయం కదలికలు బాగా మందగిస్తాయి. మింగిన మాత్ర పేగుల్లోకి దిగకుండా అక్కడే ఉండిపోతుంది, లేదంటే వాంతిలో బయటికొచ్చేస్తుంది. ఇక రక్తంలో కలిసేదెప్పుడు?

బండి కదులుతోందని లోపలి చెవి మెదడుకు చెబుతుంది. చేతిలోని ఫోన్ మీదున్న కళ్లేమో అంతా నిలకడగా ఉందంటాయి. ఈ రెండింటికీ పొత్తు కుదరకే వికారం. కొన్ని యాంటీహిస్టమిన్లు మెదడులోకి వెళ్లి, చెవి నుంచి వాంతి కేంద్రానికి చేరే ఆ సంకేతాలను తగ్గిస్తాయి. ఇక్కడే సెటిరిజిన్ విషయం తేలిపోతుంది. సెటిరిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ లాంటివి మెదడులోకి అంతగా వెళ్లవు. వాటితో మగత తక్కువగా ఉండటానికీ, ప్రయాణంలో అవి పనిచేయకపోవడానికీ కారణం అదే. కాబట్టి దాన్ని అలర్జీకే ఉంచండి.

ప్రయాణానికి పనికొచ్చేవి మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్, ప్రోమెథజిన్, సిన్నరిజిన్. డైమెన్‌హైడ్రినేట్ సంగతి బయటపడింది కూడా అలర్జీ వల్లే. 1947లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో దద్దుర్లకు ఆ మందు వాడుతున్న ఒక మహిళ, ట్రామ్ ఎక్కితే వచ్చే వికారం తగ్గిపోయిందని డాక్టర్లకు చెప్పింది. వాళ్లు ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. అదే ఏడాది ఓడలో వెళ్తున్న సైనికులకు ఇచ్చి చూశారు.

పెద్దవాళ్లకు మెక్లిజిన్ 25 నుంచి 50 మిల్లీగ్రాములు, బయల్దేరడానికి గంట ముందు వేసుకుంటే సాధారణంగా రోజంతా సరిపోతుంది. డైమెన్‌హైడ్రినేట్ అయితే 50 మిల్లీగ్రాములు, అరగంట నుంచి గంట ముందు. ప్రయాణం సాగితే 4 నుంచి 6 గంటలకు మళ్లీ వేసుకోవచ్చు. మొదటిసారి మాత్రం ఇంట్లో ఉన్న రోజున వేసుకుని, మగత ఎంత వస్తుందో చూసుకోండి. మాత్ర వేసుకున్న రోజు స్టీరింగ్ పట్టుకోవద్దు. మద్యం, నిద్రమాత్రలు అసలు కలపవద్దు. గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు), ప్రోస్టేట్ వాపు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు. వయసు పైబడినవాళ్లలో ఈ మందుల వల్ల తికమక, తూలి పడిపోవడం చూస్తుంటాం.

ఇక పాప గురించి. మీ మాత్రను విరిచి ఇవ్వకండి, దయచేసి. మెక్లిజిన్ 12 ఏళ్లలోపు పిల్లలకు ఇచ్చేది కాదు. ప్రోమెథజిన్ రెండేళ్లలోపు పసివాళ్లకు ఇస్తే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఐదేళ్ల పాపకు డైమెన్‌హైడ్రినేట్ ఇవ్వవచ్చు గానీ, మోతాదును పిల్లల డాక్టరే నిర్ణయించాలి. కొందరు పిల్లలు నిద్రపోవడానికి బదులు దీంతో మరింత చిరాకు పడతారు, గంతులేస్తారు.

అంతవరకూ గలగలా మాట్లాడిన పిల్ల ఉన్నట్టుండి మాట మానేస్తుంది. ఆవులిస్తుంది, ఉమ్మి మింగుతుంది, పై పెదవి మీద చెమట పడుతుంది. వాంతికి ముందు కనిపించే గుర్తులివి. అప్పుడే బండి ఆపి, కిందికి దించి, గాలి తగలనివ్వండి. మీకూ ఇదే వర్తిస్తుంది. ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డు వైపు చూడండి, ఫోన్ లోపల పెట్టేయండి. వాంతులు మొదలైపోతే కళ్లు మూసుకుని తల కదలకుండా ఆనించి, నీళ్లు గుక్కెడు గుక్కెడుగా తాగండి. అస్సలు ఆగకపోతే ఆస్పత్రిలో ఇంజెక్షన్ ఇస్తారు.

ప్రయాణం లేని రోజుల్లోనూ తల తిరుగుతున్నా, చెవిలో హోరు లేదా వినికిడి తగ్గడం ఉన్నా మాత్రలతో నెట్టుకురాకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి.