రాకీ మందుల కోసం మోకాలి డిపాజిట్ తీయాలా?

ప్రశ్న: నేను లెక్కల ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. విజయవాడలో ఉంటున్నాం. పెన్షన్ 41,000 రూపాయలు, ఇంటి ఖర్చు 24,000. మా లాబ్రడార్ కుక్క రాకీకి పన్నెండేళ్లు నిండాయి. మూడు నెలల కిందట కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలింది. కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్షలో క్రియాటినిన్ 4.6 ఉంది. కీళ్లనొప్పులు కూడా ఉన్నాయి. నెలకు 26,700 ఖర్చవుతోంది, క్రెడిట్ కార్డు మీద 62,000 బాకీ పేరుకుంది. ఇప్పుడు అయిదు రోజులు ఆసుపత్రిలో ఉంచాలంటున్నారు, 85,000 అవుతుందట. పుణేలో ఉన్న మా అబ్బాయి చెన్నై తీసుకెళ్లి డయాలసిస్ చేయిద్దామంటున్నాడు. నా భార్య మోకాలి ఆపరేషన్ కోసం దాచిన 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. దాన్ని తీయవచ్చా? రాకీకి ఇప్పుడు బీమా దొరుకుతుందా? ఈ ఖర్చుకు పన్ను మినహాయింపు ఉందా? బంధువులు మాత్రం ‘కుక్కకు ఇంతా?’ అని నవ్వుతున్నారు.

జవాబు: మాస్టారూ, డిపాజిట్ తీయకండి. బంధువుల ప్రశ్నకు నేను జవాబు చెప్పను. అది మీ పెన్షన్, మీ రాకీ. పెళ్లి భోజనాల్లో ఎంగిలి విస్తళ్లలో పారేసే డబ్బు గురించి ఎవరూ నవ్వరు కదా.

మీరు పంపిన బిల్లులన్నీ చూశాను. క్లినిక్కులో వారానికి మూడుసార్లు సెలైన్, నెలకు 13 సార్లు, ఒక్కోసారి 600 చొప్పున 7,800. అక్కడికి ఆటోలో రానూపోనూ 200 చొప్పున 2,600. కిడ్నీ జబ్బు కుక్కలకు వాడే ప్రత్యేక ఆహారం 9,500. మాత్రలు 3,200. రెండు వారాలకోసారి రక్తపరీక్ష, 3,600. కూడితే మీరు రాసిన 26,700 సరిగ్గా వచ్చింది. లెక్కల మాస్టారు కదా, తప్పు దొరకలేదు. ఇంటి ఖర్చు పోగా మీ చేతిలో మిగిలేది 17,000. నెలనెలా 9,700 తక్కువ పడుతోంది, కార్డు బాకీలో కొంత అలా పెరిగిందే.

ఈ బిల్లులో రాకీ ప్రాణాన్ని వెనక్కి తెచ్చే పద్దు ఒక్కటీ లేదు. దెబ్బతిన్న కిడ్నీ భాగం మళ్లీ పుట్టదు. కుక్కల దీర్ఘకాలిక కిడ్నీ జబ్బును క్రియాటినిన్‌ను బట్టి నాలుగు దశలుగా విభజిస్తారు. 2.9 నుంచి 5 దాకా మూడో దశ, అది దాటితే నాలుగోది. రాకీ మూడో దశ చివర్లో ఉన్నాడు. కాబట్టి మీరు పెడుతున్న ప్రతి రూపాయీ వాంతి తగ్గడానికి, దాహం తీరడానికి, నొప్పి లేకుండా నిద్రపట్టడానికి పెడుతున్నదే. డాక్టర్లు ఉపశమన చికిత్స అనేది దీన్నే. మూడు నెలలుగా మీరు చేస్తున్నది అదే. బిల్లు మాత్రం జబ్బు నయం చేసే వైద్యం ధరకు వస్తోంది. ఇక్కడే ఖర్చు తగ్గించే చోటు ఉంది, రాకీకి ఏ లోటూ రాకుండానే.

మొదట సెలైన్ సంగతి. కిడ్నీ జబ్బున్న కుక్కలకు మెడ వెనక వదులుగా ఉండే చర్మం కింద సెలైన్ ఇవ్వడం ఇంటివాళ్లు నేర్చుకోగల పని. ఎంత ఇవ్వాలో, ఎన్నిసార్లు ఇవ్వాలో డాక్టరు గారు రాసిస్తారు. సూది ఎలా గుచ్చాలో క్లినిక్కులో ఒకటి రెండుసార్లు దగ్గరుండి చూపిస్తారు, అడగాలి అంతే. మీరు బయట కొన్న రసీదు ప్రకారం సీసా, గొట్టం, సూది కలిపి 150. నెలకు 13 సార్లకు 1,950. ఆటోలో ఎక్కించడానికి మీరిద్దరూ రాకీని ఎత్తుతున్నామని రాశారు. ముప్ఫై కిలోల కుక్కను వారానికి మూడుసార్లు ఎత్తితే, దాచిన డిపాజిట్ అమ్మగారి మోకాలికే కాక మీ నడుముకు కూడా కావలసివస్తుంది.

తర్వాత తిండి. మీ బిల్లులో అతి పెద్ద పద్దు ఇదే. పూర్తిగా మానకండి, భాస్వరం తక్కువగా ఉండే ఆ ఆహారం ఈ జబ్బులో నిజంగా ఉపయోగపడేదే. సగం అది, సగం ఇంటి వంట అయితే ఎలా ఉంటుందో డాక్టరును అడగండి. తెల్లన్నం, కోడిగుడ్డు తెల్లసొన లాంటివాటితో కొలతలు రాసిస్తారు. ఆ కొలత మీరు వేసుకోకండి, పెరుగన్నం మంచిదేలే అనుకోకండి. ప్రత్యేక ఆహారం సగానికి 4,750, ఇంటి వంట 1,200 అనుకుందాం.

మాత్రల జోలికి వెళ్లవద్దు, 3,200 అలాగే ఉండనివ్వండి. రక్తపరీక్ష నెలకోసారి చాలేమో అడగండి, 1,800. రెండు వారాలకోసారి డాక్టరు దగ్గరికి, ఆటోతో కలిపి 700 చొప్పున 1,400. మొత్తం 14,300. మీ 17,000లో ఇమిడిపోయి 2,700 మిగిలింది. మీకు గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దగ్గరే. అక్కడి ఆసుపత్రిలో ఫీజులు ప్రైవేటు క్లినిక్కుల కన్నా బాగా తక్కువ. ఒకసారి రెండో అభిప్రాయం కోసమైనా కాగితాలన్నీ పట్టుకుని వెళ్లండి.

ఉత్తరం చివర్లో, అమ్మగారి మోకాళ్ల నొప్పి మాత్రల్లో సగం రాకీకి ఇవ్వవచ్చా అని అడిగారు. నేను డాక్టరును కాను, అయినా ఆ ఒక్క పొదుపు మాత్రం వద్దని చెప్పగలను. మనుషులు వాడే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి కుక్కల కిడ్నీలను, కడుపును దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై గుట్టలుగా చచ్చిపోతే, 2006లో పశువైద్యంలో దాన్ని మన దేశంలో నిషేధించారు. పది రూపాయల మాత్ర మిగిల్చిన డబ్బు ఎటు పోతుందో చెప్పనక్కరలేదు.

ఇక 85,000 విషయం. సంతకం పెట్టే ముందు డాక్టరు గారిని ఒకే ప్రశ్న అడగండి: ‘ఈ అయిదు రోజుల తర్వాత రాకీ ఇంటికి వచ్చి ఎలా ఉంటాడు, ఎన్నాళ్లు అలా ఉంటాడు?’ ఇన్ఫెక్షన్ వల్లో, ఒంట్లో నీరు తగ్గిపోవడం వల్లో ఉన్నట్టుండి దిగజారి ఉంటే, ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచడం వల్ల మళ్లీ తేరుకోవచ్చు. అలాంటి కారణమేమీ లేకుండా జబ్బు తన దారిన ముదురుతుంటే, ఆ 85,000 నెల తిరక్కుండానే మళ్లీ అడుగుతుంది. జవాబు సూటిగా రాకపోతే అదీ ఒక జవాబే. చెన్నై వేపేరిలోని పశువైద్య కళాశాలలో కుక్కలకు డయాలసిస్ చేస్తారు, అబ్బాయి చెప్పింది నిజమే. అది ముఖ్యంగా విషం తినడం వల్లో, ఇన్ఫెక్షన్ వల్లో హఠాత్తుగా ఆగిన కిడ్నీలు కోలుకునేదాకా ఆదుకోవడానికి. పన్నెండేళ్లు అరిగిన కిడ్నీలకు ఆ ప్రయాణం ఎంత మేలు చేస్తుందో, అబ్బాయినే డాక్టరుతో ఫోనులో మాట్లాడమనండి.

నా సొంత సంగతి ఒకటి. కొన్నేళ్ల కిందట మా ఇంటి కుక్కను తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచాను. కట్టింది 1,12,000. ఆ డబ్బు గురించి నాకు బాధ లేదు. ఆ తొమ్మిది రోజులూ అది ఇనుప బోనులోంచి తలుపు వైపే చూస్తూ ఉంది, ఆ లెక్క మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఇక్కడ నా సలహా నిష్పక్షపాతమైనది కాదు, గుర్తుంచుకోండి.

కార్డు బాకీ మాత్రం ఈ వారమే తీర్చండి. మీ స్టేట్‌మెంటులో నెలకు మూడున్నర శాతం అని ఉంది, అంటే నెలకు 2,170 వడ్డీకే. డిపాజిట్‌ను మధ్యలో రద్దు చేస్తే బ్యాంకు వడ్డీ కోస్తుంది. రద్దు చేయకుండా దాని మీదే 62,000 అప్పు తీసుకోండి. సాధారణంగా డిపాజిట్ వడ్డీ కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది. మీది 7 శాతం కాబట్టి 9 అనుకున్నా మొదటి నెల వడ్డీ 465. డిపాజిట్ అలాగే ఉంటుంది. మిగిలే 2,700తో తీర్చుకుంటూ పోతే రెండేళ్లు దాటుతుంది. కానీ అంతకాలం పట్టదు. ఎందుకు పట్టదో మీకూ తెలుసు, రాయడానికి నాకు చేయి రావడం లేదు. రాకీ లేని నెల నుంచి మీకు 17,000 మిగులుతుంది, నాలుగు నెలల్లో అప్పు తీరిపోతుంది. ఆపరేషన్ వచ్చే వేసవిలో అన్నారు కనుక ఈలోగా మీ ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు మీద మోకాలికి ఎంత వస్తుందో కూడా కనుక్కుని ఉంచండి.

బీమా ఇప్పుడు పనికిరాదు. చేరడానికి వయసు పరిమితి ఉంటుంది, ఉన్న జబ్బుకు ఎలాగూ ఇవ్వరు. పన్ను మినహాయింపూ లేదు. ఆదాయపు పన్నులో ఆరోగ్య బీమా, వైద్య ఖర్చుల మినహాయింపు కింద మీరు, మీ శ్రీమతి, మీ మీద ఆధారపడిన పిల్లలు, తల్లిదండ్రులే వస్తారు. ఇంట్లో కుక్కపిల్ల ఉన్న ఇతర పాఠకులు మాత్రం ఈ రోజే నెలకు 1,000 రూపాయల రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. 6.5 శాతం వడ్డీతో పదేళ్లకు సుమారు 1,69,000 అవుతుంది.

చివరిగా, ఎక్కడ ఆపాలన్న గీత. షేర్లు కొనేవాళ్లకు నేను ఎప్పుడూ చెబుతాను, ఎంత ధరకు అమ్మేస్తారో కొనేరోజే రాసుకోమని. పడుతున్నప్పుడు ఎవరికీ బుద్ధి పనిచేయదు. ఆలిస్ విలలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు 2004లో ఇలాంటి పట్టిక ఒకటి తయారుచేశారు. నొప్పి లేకపోవడం, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, హుషారు, నడక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువగా ఉండటం. ఏడింటికీ సున్నా నుంచి పది దాకా మార్కులు, పది అంటే బాగున్నట్టు. 35 దాటితే ఉపశమన చికిత్స కొనసాగించవచ్చని ఆమె లెక్క. ప్రతి ఆదివారం మీరూ అమ్మగారూ వేర్వేరు కాగితాల మీద మార్కులు వేయండి. ముప్ఫై ఏళ్లు పేపర్లు దిద్దిన చేయి కదా, గ్రేస్ మార్కులు కలపకండి. వరుసగా రెండు ఆదివారాలు 35కు తగ్గితే దయామరణం గురించి డాక్టరుతో మాట్లాడండి. ఊపిరి అందకపోతేనో, మూర్ఛలు వస్తేనో ఆదివారం కోసం ఆగకండి.

ఆ రోజు ఖర్చు ముందే పక్కన ఉండాలి. డాక్టరు ఇంటికి వస్తారా, ఎంత తీసుకుంటారు, తర్వాత ఖననమా దహనమా, మీ వైపు ఎక్కడ చేస్తారు అన్నవి ఇప్పుడే అడిగి రాసుకోండి. హైదరాబాద్‌లో అయితే ఫతుల్లగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది. మీకు 15,000 చాలుతుందని నా అంచనా. ఇది మీ పెన్షన్‌లోంచి వద్దు, అబ్బాయిని పంపమనండి. ఏదో ఒకటి చేయాలని ఆరాటపడుతున్నాడు, చెన్నై ప్రయాణానికి బదులు ఇది చేయనివ్వండి. దాంతోపాటు ఈ నెలలోనే ఒకసారి రమ్మనండి, ఆ రోజుకు కాదు, రాకీ అతన్ని గుర్తుపట్టి తోక ఊపగలిగిన రోజుకు.

బ్యాంకుకు వెళ్లేటప్పుడు డిపాజిట్ రసీదు, ఆధార్, పాన్ తీసుకెళ్లండి. డిపాజిట్ ఇద్దరి పేర్ల మీద ఉంటే అమ్మగారి సంతకం కూడా కావాలి.