యెజ్డీ ఇంజనులో డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి?

నాన్నగారి యెజ్డీ రోడ్‌కింగ్ మోటారుసైకిలు పదేళ్లుగా షెడ్డులో ఉంది, ఇంజను తక్కువ ఖర్చులో బాగవుతుందా అని అడిగారు. రంగులూ నికెలు పూతలూ తర్వాత చూసుకుందాం అనుకుంటే తప్పకుండా అవుతుంది. మా బాబాయి బండిని నేను విజయవాడ ఆటోనగర్‌లో అలాగే బాగుచేయించాను.

ముందు కిక్కు మీద బలం చూపకండి. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో డీజిలు, ఇంజను ఆయిలు కలిపి పోసి కొన్నాళ్లు నాననివ్వండి. పట్టేసిన పిస్టన్ చాలావరకు దానికే వదులవుతుంది.

మెకానిక్కు మొదట అనే మాట "బోరు కొట్టిద్దాం", అంటే పిస్టన్ ఆడే సిలిండరు లోపలి గోడను గీకించి, దానికి తగ్గ పెద్ద పిస్టన్ వేయడం. అక్కడే ఆగండి. ఇది టూ స్ట్రోక్ ఇంజను, పెట్రోలు ముందు క్రాంక్ గదిలోకి, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు (క్రాంకు) ఉండే అడుగు గదిలోకి వెళ్లి ఆ తర్వాతే పైకి చేరుతుంది. కాబట్టి ఆ గదిలోకి ఎక్కడి నుంచీ గాలి దూరకూడదు. బండి కదలకుండా ఉంటే ఆ ఇరుసు రెండు కొసల్నీ మూసి ఉంచే రబ్బరు ఆయిల్ సీళ్లు ఎండి గట్టిపడతాయి. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిలు లోపలికి లాగేసుకుని తెల్లపొగ కక్కుతుంది. డైనమో వైపుది పోతే గాలి చొరబడి, పెట్రోలు మిశ్రమం పలచబడి, మీరు కొత్తగా వేయించిన పిస్టనే మళ్లీ పట్టేస్తుంది. అందుకే డబ్బు ముందు ఈ సీళ్లకు పెట్టండి. వీటి ఖరీదు కొంచెమే. కూలీయే ఎక్కువ, ఎందుకంటే ఇంజనును రెండు చెక్కలుగా విప్పాలి. ఎలాగూ విప్పారు కనుక బేరింగులూ అప్పుడే మార్చేయండి. క్రాంకును డయల్ గేజీ (వంకరను ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి సరిచూసే లేత్ షాపుకే ఇవ్వండి, సుత్తితో కొట్టి కంటితో చూసేవాళ్లకు మాత్రం వద్దు.

బోరు అసలు కొలత 65 మి.మీ. కొలిచి చూస్తే కొన్నిసార్లు రింగులు మారిస్తే చాలని తేలుతుంది. తప్పదంటే ముందు పిస్టన్ కొని, దాని కొలతకు బోరు కొట్టించండి. సైలెన్సర్ల లోపలి గొట్టాల మసి కాస్టిక్ సోడా నీళ్లలో పోతుంది. అల్యూమినియం హెడ్డును మాత్రం అందులో వేయకండి, తినేస్తుంది. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల సందు 0.4 మి.మీ. ఉంచితే సరి.

మైసూరు కర్మాగారం 1996లో మూతపడింది, కనుక కంపెనీ అసలు విడిభాగాలు కావాలంటే చాలావరకు పాత బళ్లే దిక్కు. ఇప్పటి కొత్త యెజ్డీలు ఫోర్ స్ట్రోక్‌వి, పేరు ఒకటే గాని వాటి సామాను దీనికి పట్టదు.

ఇంజను కేసు పగిలిందని వేరేది వేస్తామంటే వెంటనే ఒప్పుకోకండి. నంబరు దాని మీదే ఉంటుంది, ఆర్‌సీతో సరిపోకపోతే రవాణా కార్యాలయంలో రిజిస్ట్రేషన్ పొడిగింపు దగ్గర చిక్కు. చిన్న పగులైతే అల్యూమినియం వెల్డింగు చేయించవచ్చు.