జరిమానా వద్దు, మెట్ల కింద ఓ డ్రమ్ము పెట్టండి

ప్రశ్న: మాది తిరుపతి బైరాగిపట్టెడలో ఓ అపార్ట్‌మెంట్. తడి చెత్త, పొడి చెత్త వేరుగా పెట్టండని వాట్సాప్ గ్రూపులో ఎన్నిసార్లు రాసినా అందరూ బొటనవేలు బొమ్మ పెడతారు, పొద్దున్నే మళ్లీ అన్నీ కలిపి ఒకే కవర్లో మూటకట్టి పెడతారు. సెక్రటరీ గారు జరిమానా వేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: జరిమానా మాత్రం వద్దమ్మా. ఒకే గడపలో డబ్బు గొడవ మొదలైతే, ఆ తర్వాత మీరెంత మంచి చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు. ఇంట్లోనే చెత్త వేరు చేయాలని 2016 నుంచీ నియమాల్లో ఉంది. అది చదివి వినిపిస్తే మారే వాళ్లయితే ఈపాటికే మారేవాళ్లు.

మెసేజ్‌లు ఆపండి. మీతో కలిసొచ్చే రెండు మూడిళ్లు చాలు, మెట్ల కింద అందరి కంటా పడేలా ఎరువు డ్రమ్ము పెట్టండి. పాత డ్రమ్ముకి చుట్టూ, అడుగునా బెజ్జాలు వేయించి ఇటుకల మీద నిలబెట్టాలి. ముందు ఎండాకులు, పైన కూరగాయ తొక్కలు, మళ్లీ ఎండాకులు, కాస్త పుల్ల మజ్జిగ. చాలామంది తడి తొక్కలే వేసుకుంటూ పోతారు. దాంతో లోపల గాలి ఆడక కంపు కొడుతుంది, కింది పోర్షన్ వాళ్లు గొడవకొస్తారు. అందుకే తొక్కలు ఒక వంతయితే ఎండాకులు రెండు వంతులు వేయండి. కానుగ చెట్లున్న వీధిలో ఆకులకు కరువుండదు, ఊడ్చి తగలబెట్టే ఆకులే ఇవి. వారానికోసారి కలియబెట్టి పిడికెడు తీసి పిండి చూడండి. నీళ్లు కారితే ఆకులు చాల్లేదు. పొడిపొడిగా రాలితే నీళ్లు చిలకరించాలి. చేతికి చెమ్మ మాత్రం అంటి, ముద్ద నిలిస్తే సరిగ్గా ఉన్నట్టు. వండిన అన్నం, మాంసం వేయకండి, ఎలుకలొస్తాయి. రెండు మూడు నెలలకు మట్టి వాసనొచ్చే నల్లటి ఎరువు చేతికొస్తుంది. మొదటి విడత మీ మాట అస్సలు వినని ఆవిడ కరివేపాకు కుండీకే ఇవ్వండి. మా మేడ మీద డ్రమ్ముకి మనుషులు తోడైంది అలాగే.

బ్లేడ్లు, పగిలిన గాజు, ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి విడిగా ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఇవాళే మొదలుపెట్టండి. అన్నీ కలిపి కట్టిన మూటలు విప్పి చేత్తో ఏరే పారిశుధ్య కార్మికురాలి వేళ్లు తెగుతున్నాయమ్మా. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

ఇక వ్రతాలు, పుట్టినరోజుల సంగతి. కొండకు వెళ్లేటప్పుడు స్టీలు బాటిల్ మరవకుండా పట్టుకెళ్తాం, అక్కడ ప్లాస్టిక్ బాటిళ్లు ఒప్పుకోరు కాబట్టి. మరి కింద మన ఇంటి వేడుకకి ప్లాస్టిక్ ప్లేట్లు ఎందుకు? 2022 జూలై 1 నుంచి దేశమంతా వాటికి నిషేధమే. 2021 నవంబర్ వానలకు మన వీధులు ఏరులైన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. వాన పెద్దదే, కానీ కవర్లు, ప్లేట్లు అడ్డంపడిన కాలువలో చిన్న వానకూ నీళ్లు కదలవు. పేపర్ గ్లాసులు మేలనుకుంటారు గానీ చాలావాటికి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. అందరికీ కలిపి స్టీలు ప్లేట్లు, గ్లాసులు కొని వాచ్‌మన్ గదిలో పెట్టించండి. కడిగే మనిషికి కూలి ఎంతో ముందే మాట్లాడండి, లేకపోతే ఆ భారమంతా ఆ ఇంటి పనమ్మాయి మీద పడుతుంది.

సెక్రటరీ గారికి జరిమానా పుస్తకం బదులు ఇంకో పని అప్పగించండి. పాత పేపర్లు, అట్టపెట్టెలు కొనే అతన్ని నెలకోసారి పిలిపించడం, అందరి పొడి చెత్తా ఒకేసారి తూకం వేయించడం. స్టీలు ప్లేట్లకు డబ్బు అందులోంచే వస్తుంది.