ల్యాప్‌టాప్‌లో ఆల్ఫాఫోల్డ్ నడుస్తుందా?

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. సికిల్ సెల్ హిమోగ్లోబిన్ ఆకృతిని ప్రాజెక్టులో చూపించాలి. నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు లేదు. ప్రొటీన్ ఆకృతిని ఊహించే ఏఐ ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్‌ను ఇన్‌స్టాల్ చేసుకోవడం ఎలా?

జవాబు: ఆ ప్రయత్నం మానుకోండి. ఆల్ఫాఫోల్డ్ 2 పూర్తి డేటాబేసులు విప్పితే రెండున్నర టెరాబైట్లు దాటుతాయి. లైనక్స్, ఎన్విడియా కార్డు సరేసరి. కొత్త ల్యాప్‌టాప్ కొనమని నాన్నగారిని అడగడానికి ఇది చాలే సాకు కాదు.

అసలు లెక్క కట్టాల్సిన పనే లేదు. ఒక్క ప్రొటీన్ ఆకృతి తేల్చడానికి ప్రయోగశాలలో ఏళ్లు పట్టిన రోజులున్నాయి. 2020లో ప్రొటీన్ ఆకృతులను ఊహించే కాస్ప్ పోటీలో ఆల్ఫాఫోల్డ్ 2 ప్రయోగాలకు దీటుగా ఆకృతులు ఊహించి ఆ పరిస్థితిని మార్చేసింది. దీనికే దాన్ని రూపొందించిన గూగుల్ డీప్‌మైండ్ శాస్త్రవేత్తలు హస్సాబిస్, జంపర్‌లకు 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం దక్కింది. 2022 నాటికే 20 కోట్లకు పైగా ఆకృతులను ఉచితంగా డేటాబేసులో పెట్టారు. అందులో యూనిప్రాట్ (ప్రొటీన్ల వివరాల జాబితా) సంఖ్య పీ68871 (P68871) వెతికితే హిమోగ్లోబిన్ బీటా గొలుసు కనిపిస్తుంది. ముదురు నీలం ఉన్నచోట ఆకృతిని నమ్మవచ్చు; నారింజ రంగు భాగాన్ని చూసి మాత్రం ఏ నిర్ణయానికీ రావద్దు.

మీ ప్రాజెక్టుకు అసలు చిక్కు వేరే ఉంది. సికిల్ సెల్‌లో మారేది ఒకే ఒక్క అమైనో ఆమ్లం: బీటా గొలుసులో ఆరో స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తుంది. (యూనిప్రాట్ మొదటి మెథియోనిన్‌నూ లెక్కిస్తుంది కనుక అక్కడ ఏడోది.) ఈ మార్పు చేసి ఆల్ఫాఫోల్డ్‌కు ఇస్తే దాదాపు అదే బొమ్మ తిరిగి వస్తుంది. ఒక్క అమైనో ఆమ్లం మారితే ప్రొటీన్ ఎలా దెబ్బతింటుందో చెప్పడానికి దాన్ని తయారుచేయలేదు. పైగా ఇక్కడ గొలుసు మడత చెడదు. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఒక అణువులోని వాలీన్ పక్క అణువులోని గుంటలో ఇరుక్కుని, హిమోగ్లోబిన్ పోగులుగా పేరుకుంటుంది.

ఆ అతుకు ప్రయోగంలోనే తేలింది. ప్రయోగాల్లో తేలిన ఆకృతులుండే ప్రొటీన్ డేటా బ్యాంకులో 2హెచ్‌బీఎస్ (2HBS) అని వెతకండి. రెండు హిమోగ్లోబిన్ అణువులు పక్కపక్కనే కనిపిస్తాయి. బ్రౌజర్‌లోనే తిప్పి చూడవచ్చు, 8 జీబీ ర్యామ్ చాలు. ఎక్కడా లేని కొత్త అమైనో ఆమ్లాల వరుస చేతికొస్తే ఆల్ఫాఫోల్డ్ సర్వర్‌లో ఇవ్వండి. చదువు అవసరాలకు ఉచితమే, గూగుల్ ఖాతా ఉండాలి.