ఒడిశాలోని పర్లాకిమిడిలో పాత ఇంటిని మార్చి కట్టిన నర్సింగ్ హోం: ఫైర్ తనిఖీకి ముందు ఏమేమి చూసుకోవాలి?

మీరు అడిగినది ఇది: మీ మామయ్య గారి నర్సింగ్ హోం మూడు అంతస్తులు, ఇరవై అయిదు పడకలు. పాత ఇంటినే పెంచి కట్టారు, మెట్లు ఒకటే. వచ్చే నెల ఫైర్ అధికారులు తనిఖీకి వస్తారు. ఒక ఏజెంటు అంతా తానే చూసుకుంటానని, ఆ రోజుకు కావలసిన మంటలార్పే ఎర్ర సిలిండర్లు కూడా అద్దెకు తెచ్చి గోడలకు తగిలిస్తానని అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవద్దు. ఇది నియమాల మాట మాత్రమే కాదు. నేను బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చాలా ఏళ్లుగా మెయింటెనెన్స్ పని చూస్తున్నాను. కరెంటు, నీళ్లు, జనరేటరు, ఆక్సిజన్ గది, లిఫ్టు అన్నీ నా చేతి మీదుగానే నడుస్తాయి. ఎన్నో తనిఖీలకు అధికారుల వెంట తిరిగాను. వాళ్లు పగలు పదకొండు గంటలకు వస్తారు. అప్పుడు డాక్టర్లు ఉంటారు, వార్డు బాయ్‌లు ఉంటారు, తలుపులన్నీ తెరిచి ఉంటాయి. రాత్రి రెండు గంటలకు అదే భవనంలో అంతస్తుకు ఒక సిస్టర్, ఒక ఆయా, కింద ఒక వాచ్‌మన్ ఉంటారు. మీ మామయ్య గారు సిద్ధం చేయవలసింది ఆ రాత్రి రెండు గంటల భవనాన్ని.

జరిగిన ప్రమాదాలు చూడండి. మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రిలో 2021 జనవరి 9న నవజాత శిశువుల వార్డులో మంటలు లేచి పది మంది పసికందులు పోయారు. అది అర్ధరాత్రి దాటిన తరువాత. అదే ఏడాది ఏప్రిల్ 23న విరార్‌లో ఐసీయూ తగలబడింది తెల్లవారుజామున. 2011 డిసెంబరు 9న కోల్‌కతాలోని ఆమ్రి ఆసుపత్రిలో బేస్‌మెంటులో మొదలైన మంట సుమారు తొంభై మందిని బలి తీసుకున్నది, అదీ తెల్లవారకముందే. వారిలో ఎక్కువ మంది మంట తగలక ముందే పొగకు ఊపిరాడక చనిపోయారు. మన ఒడిశాలో 2016 అక్టోబరు 17 సాయంత్రం భువనేశ్వర్‌లోని సమ్ ఆసుపత్రిలో మంటలు లేచి ఇరవై మందికి పైగా పోయారు. వీళ్లలో చాలామంది లేచి నడవలేని స్థితిలో ఉన్నవాళ్లు. సినిమా హాలులో మంట లేస్తే జనం తమంతట తాము పరుగెత్తుతారు. ఆసుపత్రిలో రోగిని ఎవరో ఒకరు మోయాలి. ఆ మోసేది ఎవరు, ఎటు మోస్తారు అన్న రెండు ప్రశ్నల చుట్టూనే మిగతా పనంతా తిరుగుతుంది.

అందుకే అన్నిటికంటే ముందు మెట్ల సంగతి చెబుతాను. జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016 ప్రకారం ఆసుపత్రి మెట్ల వెడల్పు రెండు మీటర్లకు తగ్గకూడదు. పాత ఇళ్ల మెట్లు మూడు, మూడున్నర అడుగులు ఉంటాయి. మీ మామయ్య గారివీ అంతే అయివుంటాయి. టేపు పెట్టి కొలిచే ముందు ఒక పని చేయండి. ఒక స్ట్రెచర్ మీద ఇంటి మనిషినే పడుకోబెట్టి, సెలైన్ స్టాండుతో సహా, పై అంతస్తు నుంచి కిందకు దింపి చూడండి. ఎక్కడ మలుపు తిరగదో, ఏ తలుపు దగ్గర చేతులు నలుగుతాయో అక్కడికక్కడే తెలుస్తుంది. అధికారి కూడా దాదాపు ఇవే చోట్ల ఆగుతారు.

ఒకటే మెట్లు ఉన్నచోట బయటి గోడ వెంబడి రెండో మెట్లు కట్టక తప్పదు. ఖర్చు అవుతుంది, వాదించకండి. కట్టేలోపు మీ చేతిలో ఉన్నది ఒకటుంది, దానికి పెద్ద ఖర్చు లేదు. నడవలేని రోగులను కింది అంతస్తుకు మార్చండి. పురుడు గది, ఆపరేషను అయినవాళ్లు, ఐసీయూ పడకలు కింద. ఓపీ గదులు, ఆఫీసు, రికార్డులు, డాక్టరు గారి విశ్రాంతి గది పైన. మన చిన్న ఊళ్లలో ఇది తలకిందులుగా ఉంటుంది. రోడ్డు మీదికి కనిపించాలని ఓపీ, మందుల దుకాణం కింద పెట్టి, బాలింతలను మూడో అంతస్తుకు ఎక్కిస్తారు. లిఫ్టు ఉన్నదని ధైర్యం. మంటలప్పుడు మామూలు లిఫ్టు ఎక్కకూడదు కదా.

ఇక తాళాలు. దొంగల భయంతో రాత్రి పది దాటగానే మెట్ల దగ్గర కొలాప్సిబుల్ గేటు వేసి తాళం పెట్టడం మా దగ్గరా ఉండేది, చుట్టుపక్కల చాలా చోట్ల చూశాను. డాబా మీది తలుపుకు మరో తాళం. తాళం చెవి వాచ్‌మన్ జేబులో ఉంటుంది, వాచ్‌మన్ టీకి వెళ్లి ఉంటాడు. తప్పించుకునే దారికి తాళం ఉండకూడదు. దొంగల భయం నిజమే కాబట్టి లోపలి నుంచి నెట్టితే తెరుచుకునే, బయటి నుంచి తెరుచుకోని కడ్డీ తలుపు పెట్టించండి. మా దగ్గర అదే పెట్టించాం, దొంగతనాలు ఏమీ పెరగలేదు.

మా ఆసుపత్రిలో ఒక రాత్రి జరిగినది చెబుతాను. ఆపరేషన్ రోగుల వార్డులో ఏసీ స్టెబిలైజరు మాడి పొగ కమ్మింది. మంట చిన్నది. పొగ మాత్రం నిమిషాల్లో తల ఎత్తు దాకా దిగింది. డ్యూటీ సిస్టర్ ఎవరినీ మెట్ల వైపు పంపలేదు. పడకల చక్రాల బ్రేకులు తీయించి, అదే అంతస్తులో తలుపు అవతలి వార్డులోకి ఒక్కొక్క పడకా నెట్టించి, తలుపు మూసేసింది. ఆ తరువాతే సిలిండరు పట్టుకుని వార్డు బాయ్ లోపలికి వెళ్లాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆసుపత్రులకు చెప్పే పద్ధతి కూడా ఇదే: ముందు పక్కకు, తరువాత అవసరమైతే కిందకు. ఇది కుదరాలంటే ప్రతి అంతస్తునూ మధ్యలో మంటకు ఆగే తలుపుతో రెండు భాగాలు చేయాలి, ఆ తలుపు తనంతట తాను మూసుకోవాలి. గాలి రావాలని దాని కింద ఇటుక పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మాన్పించండి. మీకు మధ్య తలుపు లేకపోతే అధికారి వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే వేయించండి.

అంతస్తు నుంచి అంతస్తుకు పైపులు, కేబుళ్లు వెళ్లే షాఫ్టు సంగతి చాలామంది మరిచిపోతారు. అది తెరిచి ఉంటే కింది పొగను పొగగొట్టంలో లాగా పైకి లాక్కుంటుంది. ప్రతి అంతస్తు దగ్గరా ఆ ఖాళీని మంటకు తట్టుకునే పదార్థంతో మూయించాలి. ఏసీ డక్టులు (చల్లగాలి పంపే గొట్టాలు) ఉంటే వాటిలో డ్యాంపర్లు, అంటే మంట లేస్తే గొట్టాన్ని మూసే పలకలు, ఉండాలి. మీది స్ప్లిట్ ఏసీల భవనం కాబట్టి ఆ బాధ లేదు. ఇంకో బాధ ఉంది.

ఇంటికి చేసే స్ప్లిట్ ఏసీ రోజుకు కొన్ని గంటలు నడవడానికి చేసినది. ఐసీయూలో అది ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. పాత ఇంటి వైరింగు మీద ఏసీలు, వెంటిలేటరు, శిశువుల వార్మరు, ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి మరో బోర్డు. ఇక్కడే ఎక్కువ ప్రమాదాలు పుడతాయి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో మొత్తం లోడు లెక్క వేయించి కాగితం మీద రాయించుకోండి. ప్రధాన బోర్డు మూత తీయించి, కేబుల్ చివర్లు వేడెక్కి రంగు మారాయేమో చూడమనండి. ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తాను కరెంటు ఆపే స్విచ్) మాటిమాటికీ పడిపోతున్నదని పెద్దది వేసిన చోటు ఎక్కడైనా ఉంటే వెంటనే మార్పించండి. ఎంసీబీ పడిపోవడం అది మనకు చెబుతున్న ఫిర్యాదు, దాని నోరు మూయకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత మీ గజపతి జిల్లాలో కరెంటు లేక జనరేటర్లు ఎలా నడిచాయో మీ మామయ్య గారికి గుర్తుండే ఉంటుంది. జనరేటరు మెట్ల కింద కానీ, ఆక్సిజన్ గది పక్కన కానీ ఉంటే జరిపించండి. డీజిల్ క్యాన్లు భవనంలో పెట్టవద్దు.

ఆక్సిజన్ తనంతట తాను మండదు, కానీ మండేదాన్ని ఉగ్రంగా మండిస్తుంది. గాలిలో దాని వంతు 21 శాతం. అది 23 శాతం దాటితే దుప్పటి, దిండు, జుట్టు చాలా తేలికగా అంటుకుంటాయి. మాస్కు తీసి దిండు మీద పడేసి ఫ్లోమీటరు (ఆక్సిజన్ ఎంత వస్తున్నదో చూపి, తగ్గించి పెంచే పరికరం) కట్టేయకపోతే ఆ దిండు ఆక్సిజన్ పీల్చుకుంటూ ఉంటుంది. సిస్టర్లకు ఇది చెప్పండి. ఆక్సిజన్ ఫిట్టింగులకు నూనె, గ్రీజు రాయకూడదని మీ మెకానిక్‌కు చెప్పండి. వార్డుకు వచ్చే ఆక్సిజన్‌ను ఆపే బయటి వాల్వు పెట్టె ఎక్కడుందో, ఎవరి మాట మీద కట్టాలో, కట్టే ముందు ఆక్సిజన్ మీద ఉన్న రోగులకు చిన్న సిలిండరు ఎలా తగిలించాలో రాత్రి డ్యూటీ వాళ్లకు నోటికి వచ్చి ఉండాలి.

నీళ్ల గురించి అధికారి తప్పక అడుగుతారు. మా దగ్గర పంపు గదికి వెళ్లి ప్యానెల్ స్విచ్ ఆటోలో ఉందా మాన్యువల్‌లో ఉందా అని చూశారు. తరువాత డాబా మీదికి ఎక్కి హైడ్రెంటు (మంటలార్పే గొట్టం తగిలించే పెద్ద కుళాయి) తిప్పించారు. అన్నిటికంటే దూరంగా ఉన్న చోట చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోల ఒత్తిడి రావాలి. వేసవిలో బావులు ఎండినప్పుడు ఫైర్ ట్యాంకు నీళ్లు బాత్‌రూములకు తోడేయడం మన జిల్లాల్లో మామూలు. దీనికి మందు పైపుల అమరికలోనే ఉంది. నీళ్లు ముందు ఫైర్ ట్యాంకులో పడాలి, అది నిండి పొర్లితేనే వాడకం ట్యాంకులోకి వెళ్లాలి. అప్పుడు ఎవరూ కావాలని వాడుకోలేరు. మీ భవనం ఎత్తు, విస్తీర్ణాన్ని బట్టి హైడ్రెంటు కావాలా, హోస్ రీల్ (చక్రానికి చుట్టిన సన్నని నీళ్ల గొట్టం) చాలా అన్నది అధికారి చెబుతారు.

సిలిండర్ల మాట. అద్దెకు తెచ్చినవి సాయంత్రానికి వెళ్లిపోతాయి, రాత్రికి గోడ మీద మేకులు మిగులుతాయి. సొంతంగా కొనండి. ఐఎస్ఐ గుర్తు, తయారీ తేదీ చూడండి. పౌడరు రకానికి మూడేళ్లకు, కార్బన్ డయాక్సైడ్ రకానికి అయిదేళ్లకు ఒత్తిడి పరీక్ష చేయించాలి. కరెంటు ప్యానెళ్ల దగ్గర కార్బన్ డయాక్సైడ్‌ది పెట్టండి. మా గోపాలపూర్ వైపు ఉప్పు గాలికి సిలిండరు అడుగు తుప్పు పట్టిపోతుంది, మీకు సముద్రం దూరం కాబట్టి అంత ఉండదు. అయినా అడుగు తిప్పి చూడండి. చిన్న సిలిండరు అర నిమిషం కూడా రాదు. కాబట్టి దాన్ని తీసిన మనిషికి పిన్ను లాగడం, మంట మొదలుకు గురి పెట్టడం, మీట నొక్కి అటూ ఇటూ ఊపడం ముందే చేతికి వచ్చి ఉండాలి. తనిఖీకి వచ్చిన అధికారి ఒకసారి మా దగ్గర ఒక ఆయాను పిలిచి సిలిండరు తీసి చూపించమన్నారు. ఆమె చూపించింది. ఆ రోజు మా కాగితాలన్నిటికంటే ఆమె ఎక్కువ పని చేసింది.

ఒక సంగతి అధికారులు అడగకపోవచ్చు, మీరు చేయండి. బయటికి దారి చూపే పలకలు మన ఊళ్లలో ఒడియాలో, ఇంగ్లీషులో ఉంటాయి. మీ దగ్గరికి పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి వచ్చే చాలామందికి తెలుగు తప్ప చదవడం రాదు. కొండల నుంచి వచ్చే సవర రోగులకు ఏదీ చదవడం రాకపోవచ్చు. తెలుగు కూడా రాయించండి, పరుగెత్తే మనిషి బొమ్మ, బాణం గుర్తు పెద్దవిగా వేయించండి, కరెంటు పోయినా వెలిగేవి పెట్టండి. రోగుల బంధువులు రాత్రి మెట్ల మీద, వరండాలో మూటలతో పడుకుంటారు. వాళ్లను కసరవద్దు. వాళ్లు పడుకోవడానికి కింద ఒక గది ఇవ్వండి, మెట్లు వాటంతట అవే ఖాళీ అవుతాయి.

కాగితాల పని చివరిది. ఒడిశాలో అగ్ని నివారణ, అగ్ని భద్రత నియమాలు 2017లో వచ్చాయి. భవనం డ్రాయింగులు, విద్యుత్ లోడు కాగితం, సిలిండర్ల బిల్లులు, పరీక్షల తేదీలు, సిబ్బంది శిక్షణ రిజిస్టరు ఒకే ఫైలులో పెట్టుకోండి. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో మా బంధువుల ఆసుపత్రి ఉంది. మహారాష్ట్ర 2006 చట్టం ప్రకారం అక్కడ లైసెన్సు ఉన్న సంస్థ ఏటా జనవరిలో, జులైలో పరికరాలన్నీ పని చేస్తున్నాయని ఫారం బి మీద రాసివ్వాలి. అది నాకు నచ్చిన పద్ధతి. మీకు అక్కరలేకపోయినా ఆ రెండు నెలలూ మీకు మీరే పెట్టుకోండి.

ఏజెంటుకు ఇవ్వదలచిన డబ్బుతో ముందు మధ్య తలుపు వేయించమని మామయ్య గారికి చెప్పండి. తరువాత మీ ఊరి ఫైర్ స్టేషనుకు ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఇచ్చి, తనిఖీకి ముందే మాక్ డ్రిల్ చేయించమని అడగండి. వాళ్ల బండి మీ సందులోకి తిరుగుతుందో లేదో కూడా ఆ రోజే తేలిపోతుంది. డ్రిల్లుకు సమయం అడిగితే పగలు వద్దనండి, రాత్రి డ్యూటీ మారిన తరువాత పెట్టమనండి.