ఎక్కిన గేరులోనే దిగు

అమ్మణ్ణీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు కారు కొంటున్నావని, అదీ ఆటోమేటిక్ అని, కడప నుంచి రాయచోటిలో నువ్వు పనిచేసే బడికి రోజూ నువ్వే నడుపుకుంటూ పోతావని చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ముగ్గురం స్టీరింగు పట్టి బతికినాం. ముగ్గురమూ ఊళ్ళోవాళ్ళ బండ్లే తోలినాం. సొంత సంపాదనతో, సొంత పేరు మీద కారు తెస్తున్నది నువ్వే. మీ నాయన ఉండుంటే ఈపాటికి ఏడురోడ్ల దగ్గర కనబడిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు. ఆ సంతోషంతోనే పడుకున్నాను. కళ్ళు మూస్తే ఆ దారిలోని కొండరోడ్డు, గువ్వలచెరువు ఘాటు కనబడింది. అందుకే పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను.

అల్లుడు గేరు బండే తీసుకోమంటున్నాడట. ఆటోమేటిక్‌లో నేర్చుకుంటే డ్రైవింగే రాదంటున్నాడట. నేనూ ఒకప్పుడు ఆ మాటే అన్నాను. ముప్పై ఏళ్ళు క్లచ్ తొక్కిన కాలు నాది, గేరు లేని బండిని బండి అనుకోవడానికి మనసు ఒప్పలేదు. పోయినేడు బెంగళూరులో మీ అక్క కారు నాలుగు రోజులు నడిపాక మనసు మారింది. నీకు ఆటోమేటిక్కే మంచిది. ఎందుకంటే రెండేళ్ళ కిందట స్కూటర్ మీంచి పడినప్పుడు ఎడమ మోకాలికి కట్టు వేశారు కదా, ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు చేత్తో పట్టుకుంటావు. నాకు కనబడదనుకుంటావు. సాయంత్రం బడి వదిలాక యాభై కిలోమీటర్లకు పైగా వచ్చి, అప్సర సర్కిల్ దగ్గర ఆటోల మధ్య ఆగుతూ కదులుతూ ఆ కాలితో క్లచ్ తొక్కడం నాకు ఇష్టం లేదు.

అయితే ఆటోమేటిక్ అన్నదంతా ఒకటి కాదు. షోరూంలో పిల్లలు అన్నిటినీ ఒకే పేరుతో పిలుస్తారు, నువ్వు అడిగి తెలుసుకో. ఏఎంటీ అని వచ్చేది నిజానికి గేరు బండే. గేరుబాక్సు అదే, క్లచ్ అదే. నీ కాలూ చెయ్యీ చేసే పని ఒక మోటారు చేస్తుంది. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో మొదలైంది. మా అంబాసిడర్ తయారీ ఆగిపోయింది కూడా ఆ ఏడే, అందుకే నాకు ఆ సంవత్సరం బాగా గుర్తు. ఏఎంటీకి గేరు బండి కంటే సుమారు యాభై వేలు ఎక్కువ, మైలేజీ దాదాపు గేరు బండి అంతే ఇస్తుంది. గేరు మారేటప్పుడు ఒకసారి తల ముందుకు ఊగినట్టు ఉంటుంది, అది అలవాటైపోతుంది. అలవాటు చేసుకోకూడనిది ఒకటుంది. ఎక్కుడులో ముందు లారీ ఆగినప్పుడు బ్రేకు వదిలి, యాక్సిలరేటర్ మీదే బండిని నిలబెట్టడం. లోపల క్లచ్ అరిగి వాసన వస్తుంది. బ్రేకు వదలగానే వెనక్కి జారకుండా పట్టుకునే హిల్ హోల్డ్ ఉన్నదేనా అని అడుగు. లేనిది వద్దు.

క్లచ్ బదులు నూనెతో శక్తి అందించే టార్క్ కన్వర్టర్, మెట్లు మెట్లుగా గేర్లు లేని సీవీటీ అని ఇంకో రెండు రకాలున్నాయి. వీటికి లక్ష పైనే ఎక్కువ అవుతుంది. మెత్తగా పోతాయి, ఎక్కుడులో ఆగి కదలడానికి హాయిగా ఉంటాయి. రెండు క్లచ్‌లుండే డీసీటీ చాలా చురుకైనదే గానీ, పొడి క్లచ్ రకమైతే నత్తనడక ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. మన కడప ఎండల్లో నాకు దాని మీద ధైర్యం లేదు. డబ్బు సరిపోతే సీవీటీ గానీ టార్క్ కన్వర్టర్ గానీ తీసుకో. సరిపోకపోతే హిల్ హోల్డ్ ఉన్న ఏఎంటీ తీసుకో, అప్పు పెంచుకోవద్దు. బీమా, రిజిస్ట్రేషన్ సంగతి అల్లుడు చూసుకుంటాడు. బ్యాటరీ మాత్రం బలహీనపడక ముందే మార్పించుకో, గేరు బండిలా నలుగురు తోస్తే స్టార్టయ్యే రకం కాదు ఇది.

ఇప్పుడు అసలు విషయం. ఇది ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మీ పెద్దమ్మకు కూడా సగమే తెలుసు.

1986లో నాకు 24 ఏళ్ళు. కడపలో ఒక ఓనరు దగ్గర డీజిల్ అంబాసిడర్ తోలేవాణ్ణి. గేరు రాడ్డు స్టీరింగు కిందే ఉండేది. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఓనరు డీజిల్‌ను లీటరు లీటరుగా లెక్క కట్టేవాడు. ఘాటు దిగుడులో న్యూట్రల్ చేసి వదిలితే డీజిల్ మిగులుతుందని స్టాండులో నాకంటే ముందున్నవాళ్ళు చెప్పారు. నాలుగైదు సార్లు అట్లాగే దిగాను, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నన్ను పాడు చేసింది.

ఆ రోజు రాయచోటిలో పెళ్ళి చూసుకుని వస్తున్న కుటుంబాన్ని ఎక్కించుకున్నాను. ముందు సీట్లో ఒకామె, ఆమె ఒళ్ళో నాలుగేళ్ళ పాప. వెనక నలుగురు పెద్దవాళ్ళు. డిక్కీ నిండా సామాను. గువ్వలచెరువులో ఆపి కోవా కొన్నారు, పాప చేతిలో ఒక ముక్క పెట్టారు. ఊరు దాటాక దిగుడు మొదలవగానే నేను గేరు తీసి న్యూట్రల్ చేశాను. మొదటి మలుపులో బ్రేకు బాగానే పట్టింది. రెండో మలుపుకు గట్టిగా తొక్కాల్సి వచ్చింది. మూడో మలుపుకు ముందు కాలిన వాసన వచ్చింది. వెనక కూర్చున్న పెద్దాయన “ఏందప్పా ఈ వాసన?” అన్నాడు. లారీలదిలే అన్నాను. అది లారీలది కాదని నాకు తెలుసు. ఆ తర్వాత బ్రేకు తొక్కితే పెడలు కిందికి పోతున్నది గానీ బండి తగ్గడం లేదు.

గేరు వేయబోయాను. రెండో గేరుకు నెడితే లోపల పళ్ళు నూరినట్టు చప్పుడు వచ్చింది గానీ గేరు పడలేదు. ఇంకోసారి నెట్టాను, పడలేదు. అంత వేగం అందుకున్నాక పడదు అమ్మణ్ణీ. దిగుడు మొదలు కాకముందు అర నిమిషంలో అయ్యే పని అది, అప్పుడు చేయలేదు. హ్యాండ్‌బ్రేకు లాగాను, ఉత్తదే. ఎదురుగా లారీ లైట్లు పైకి వస్తున్నాయి. కొండ మా వైపే ఉంది, అదొక్కటే మా అదృష్టం. ఎడమ చక్రాలు కాలవలోకి దించి, బండిని కొండకేసి రాసుకుంటూ పోనిచ్చాను. మడ్‌గార్డు చిరిగింది, తలుపు లోపలికి పోయింది, ఒక బండరాయికి తగిలి ఆగింది. పాప నుదురు డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది. ఆరు కుట్లు పడ్డాయి. అంత ఏడుపులోనూ ఆ కోవా ముక్కను పిడికిట్లోంచి వదల్లేదు ఆ బిడ్డ.

పైకి వస్తున్న లారీ ఆగింది. డ్రైవరు దిగి మొదట పాపను చూశాడు, తర్వాత చక్రాల దగ్గర కూర్చున్నాడు. నేను బిందె పట్టుకుని నీళ్ళు పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. కాలిన డ్రమ్ము మీద నీళ్ళు పోస్తే పగులుతుంది. గేరు రాడ్డు వైపు చూశాడు, న్యూట్రల్‌లో ఉంది. “ఎక్కిన గేరులోనే దిగాల అబ్బయ్యా. నీకెవురూ చెప్పలేదా?” అన్నాడు. అంతే, ఒక్క తిట్టు తిట్టలేదు. తల్లీపాపలను కడపకు పోయే ఒక జీపు ఆపి ఎక్కించాడు. బ్రేకులు చల్లారేదాకా గంటసేపు నాతోనే ఉండి, కాలవలోంచి బండిని లాగించి, క్లీనరును నా పక్కన కూర్చోబెట్టి రెండో గేరులో కిందిదాకా దింపించాడు. తన లారీని పైన వదిలి పెట్టుకుని మరీ. ఆయన పేరు కూడా అడగలేదు నేను.

నా తప్పు అక్కడితో ఆగి ఉంటే ఈ వయసులో ఇంత బరువు ఉండేది కాదు. ఓనరుతో బ్రేకులు పట్టలేదన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. వారం కిందటే బ్రేకు లైనర్లు మార్పించి ఉన్నాడు, కోపమంతా ఆ మెకానిక్ మీదికి పోయింది. ఆ మనిషి వచ్చి చక్రాలు విప్పి చూశాడు. డ్రమ్ములు నీలం రంగు తిరిగి ఉన్నాయి. ఇది కాలిన బ్రేకు, పని తప్పు కాదు అని ఓనరుకు చెప్పి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఓనరు తన బండ్లు అతని దగ్గరికి పంపడం మానేశాడు, స్టాండులో అందరికీ చెప్పాడు. రెండేళ్ళకు అతను షెడ్డు తీసేసి ఇంకో ఊరు పోయాడు. నావల్లేనని అనలేను, కాదనీ అనలేను. పాప కుట్లు విప్పే రోజు ఆసుపత్రికి పోయి చూసొచ్చాను. అతని షెడ్డుకు మాత్రం పోలేదు. రోడ్డుకు ఇవతల్నుంచి చూసి వచ్చేసేవాణ్ణి.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఆటోమేటిక్‌లోనూ ఇదే తప్పు జరుగుతుంది, న్యూట్రల్ చేయకుండానే జరుగుతుంది. మామూలుగా ముందుకు పోయే డి లో పెట్టి దిగుడులో యాక్సిలరేటర్ వదిలితే, బండి హాయిగా పోతున్నదనుకుని అదంతట అదే పెద్ద గేరు వేసుకుంటుంది. అప్పుడు ఇంజను బండిని పట్టి ఉంచదు, భారమంతా బ్రేకుల మీదే. నీ బండికి ముందు డిస్కు బ్రేకులుంటాయి, మా డ్రమ్ముల కంటే చాలా మేలు, అయినా అవీ వేడెక్కుతాయి. బ్రేకు ఆయిల్ మరిగితే ఏ బ్రేకైనా ఒకటే. అందుకని దాదాపు ప్రతి ఆటోమేటిక్‌లోనూ చిన్న గేరులో ఆపి ఉంచే దారి ఒకటి పెడతారు. కొన్నిటిలో ఎల్ అని ఉంటుంది, కొన్నిటిలో ఎస్ అని, కొన్నిటిలో ఎం అని పెట్టి ప్లస్సు, మైనస్సు ఉంటాయి. నువ్వు చూసే బండిలో అది ఏదో, ఎట్లా వేయాలో షోరూంలోనే నేర్చుకో. గువ్వలచెరువు ఊరు దాటగానే, దిగుడు మొదలు కాకముందే అందులో పెట్టు. ఇంజను గట్టిగా అరుస్తుంది, అరవనీ. బండికేమీ కాదు. వేగం అందుకున్నాక పెడదామంటే ఇప్పటి బండ్లు కూడా ఒప్పుకోవు, ఇంజను తట్టుకోలేనంత వేగంలో చిన్న గేరు వేయనే వేయవు.

బ్రేకు తొక్కాల్సి వచ్చినప్పుడు ఒకసారి గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదులు. కాలు ఆనించి కూర్చోవద్దు.

న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుందని బడిలో ఎవరైనా మాస్టారు చెబితే నమ్మకు. ఇప్పటి బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజనుకు పెట్రోలు దాదాపు ఆగిపోతుంది, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తేనే ఇంజను ఆరిపోకుండా పెట్రోలు తాగుతుంది. నేనారోజు మిగిల్చాననుకున్నది ఏమిటో నాకే తెలియదు.

ఇంకో భయం కూడా ఉంది. నువ్వు నేర్చుకున్నది గేరు బండి మీద కదా. కంగారులో ఎడమ కాలు క్లచ్ కోసం వెతుకుతుంది, అక్కడ వెడల్పుగా ఉన్న బ్రేకు తగులుతుంది, బండి నిలువునా ఆగుతుంది, వెనకవాడు వచ్చి గుద్దుతాడు. బెంగళూరులో మీ అక్క కారులో మొదటిరోజే నాకు ఈ పని అయింది, వెనక ఎవరూ లేరు కాబట్టి బతికాం. అందుకని ఎడమ కాలిని వెనక్కి మడిచి పెట్టుకో, పదిహేను రోజులు మనసులో అనుకుంటూ నడుపు. బ్రేకుకూ యాక్సిలరేటర్‌కూ కుడి కాలొక్కటే. మడమ బ్రేకుకు ఎదురుగా నేల మీద ఉండాలి, అక్కడి నుంచి వేళ్ళే యాక్సిలరేటర్ మీదికి తిరగాలి. ఎత్తు చెప్పులు వేసుకుని నడపవద్దు. ఇంకో సంగతి, బ్రేకు వదిలితే చాలు బండి అదంతటదే ముందుకు పాకుతుంది. బడి గేటు దగ్గర పిల్లలు అడ్డం పడుతుంటారు, కాలు బ్రేకు మీదే ఉండాలి.

ఏటవాలులో ఆపినప్పుడు ముందు హ్యాండ్‌బ్రేకు, తర్వాత పి, అంటే పార్కింగ్. తిరగేస్తే బండి బరువంతా లోపలున్న చిన్న కొక్కెం మీద పడుతుంది. ఏఎంటీలో చాలావాటికి పి ఉండదు, గేరులో ఉంచి హ్యాండ్‌బ్రేకు లాగాలి.

వానరోజు, మబ్బు పట్టిన సాయంత్రం ఘాటు దాటే వేళకు చీకటి పడుతుందనిపిస్తే బస్సెక్కి రా. కారు బడి దగ్గర పెట్టేసి రా, ఎవరూ ఎత్తుకుపోరు. ఈ మాట కోపంగా వినబడితే కోపంగానే తీసుకో. మీ నాయన పోయినప్పుడు నీ తల నా భుజం మీద పెట్టుకుని ఏడ్చావు. ఆ రోజు నుంచీ నిన్ను ఇంకొకరి బిడ్డ అనుకోలేదు నేను.

షోరూంవాళ్ళు టెస్ట్ డ్రైవ్ అని కోటిరెడ్డి సర్కిల్ దాకా తిప్పి తీసుకొస్తారు. దానికి ఒప్పుకోకు. ఘాటు ఎక్కి దిగాలని అడుగు, కుదరదంటే ఇంకో షోరూం చూద్దాం. ఆదివారం పొద్దున ఆరుకు నేను మీ ఇంటికి వస్తాను, ఎండ ముదరక ముందే అయిపోతుంది. నువ్వే నడుపు, నేను పక్కన కూర్చుంటాను. పైన ఆపి, ఎల్ లో పెట్టి, బ్రేకు ఎన్నిసార్లు తొక్కావో లెక్కపెడతాను. మీ అమ్మను వెనక కూర్చోబెట్టుకుందాం. ఆమెకు కోవా కావాలంటే కొందాంలే, షుగరుంది కాబట్టి కొంచెమే.

మీ పెద్దనాయన