మైకు పిల్లలదే: యూత్ లీడర్‌షిప్ ప్రోగ్రామ్ నడపబోతున్న చెల్లికి

చెల్లికి ఆశీస్సులు.

నలుగురి ముందు మాట్లాడటం, నాయకత్వం నేర్చుకునే మన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బు తరఫున జిల్లా పరిషత్ హైస్కూల్లో యూత్ లీడర్‌షిప్ ప్రోగ్రామ్ పెడుతున్నారనీ, దానికి కోఆర్డినేటర్‌గా నువ్వే ముందుకొచ్చావనీ తెలిసి చాలా సంతోషించాను. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్లో చెప్పినవి సగం గుర్తుంటాయి, సగం పోతాయి. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. మనం టోస్ట్‌మాస్టర్లం, మాట్లాడటం మనకిష్టం. ఎదురుగా పాతికమంది పిల్లలు కుదురుగా కూర్చుని వింటుంటే ఎంతటివాళ్లకైనా ఇంకో ఐదు నిమిషాలు చెబుదామనిపిస్తుంది. ఈ ప్రోగ్రామ్‌కి అన్నిటికంటే పెద్ద ప్రమాదం అదే. మాట్లాడటం నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు మన మాటలు విని ఇంటికెళ్లిపోతారు. వాళ్ల సమయాన్ని మన క్లబ్బు వాళ్లనుంచే కాపాడటం కోఆర్డినేటర్‌గా నీ మొదటి పని. మిగతావన్నీ దాని తర్వాతే.

ఒకసారి లెక్క వేసి చూడు. ప్రోగ్రామ్ ఎనిమిది సెషన్లు, ఒక్కోటి గంట నుంచి రెండు గంటలు. పాతికమందికి మించి తీసుకోకూడదు. బడివాళ్లు రెండు గంటలు ఇచ్చారనుకో, 120 నిమిషాలు. తలా రెండు నిమిషాలు మాట్లాడితే 50 నిమిషాలు. లేచి రావడానికీ, చప్పట్లకీ, వెళ్లి కూర్చోవడానికీ తలా అర నిమిషం చొప్పున ఇంకో 12 నిమిషాలు. ఒక్కొక్కరికి నిమిషం ఫీడ్‌బ్యాక్ అంటే 25. మొత్తం ఎనభై ఏడు దాటింది. మిగిలిన అరగంటలోనే హాజరు, మంచినీళ్లు, ఆ రోజు పాఠం, వచ్చే వారం ఎవరేం చేయాలో చెప్పడం అన్నీ సర్దాలి. అంటే ట్రైనర్‌కి దక్కేది మహా అయితే పావుగంట. ఈ లెక్కని కాగితం మీద రాసి, వచ్చే ప్రతి ట్రైనర్‌కీ ముందే చూపించు. చూపించకపోతే ప్రొజెక్టర్ పట్టుకుని వస్తారు. ఒక బడిలో చూశాను, బాడీ లాంగ్వేజ్ మీద స్లైడ్లు అయ్యేసరికే బెల్లు కొట్టారు. ఆ రోజు ఒక్క పిల్లాడూ నోరు విప్పలేదు.

గంటే ఇస్తామంటే పాతికమందిని తీసుకోకు. పన్నెండు మందితో మొదలుపెట్టు, లేదా వాలంటీర్లు సరిపడా ఉంటే రెండు గదుల్లో రెండు జట్లుగా నడుపు.

ఇక హెచ్‌ఎం గారితో మాట్లాడటం. అక్కడ జరిగే అపార్థం దాదాపు ప్రతిసారీ ఒకటే. మనం వచ్చేది స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు చెప్పడానికని వాళ్లు అనుకుంటారు, తల్లిదండ్రులూ అలాగే అనుకుంటారు. మొదటి మీటింగ్‌లోనే తేల్చి చెప్పు. నలుగురి ముందు నిలబడి మనసులో ఉన్నది చెప్పగలగడం, ఎదుటివాళ్లు చెప్పేది వినడం, ఒక మీటింగును నడపగలగడం, మనం నేర్పేవి ఇవి. భాష పిల్లల ఇష్టం. ఇంట్లో తెలుగో, ఉర్దూనో, లంబాడీనో మాట్లాడే పిల్లని మొదటి రోజే ఇంగ్లీషులో నిలబెడితే భయానికి భయం తోడవుతుంది. తెలుగులో కాళ్లు వణక్కుండా రెండు నిమిషాలు మాట్లాడిన పిల్ల, నాలుగో వారానికి తనంతట తానే "ఈసారి ఇంగ్లీషులో ట్రై చేస్తా మేడమ్" అంటుంది. ఆ మాట వాళ్ల నోట రావాలి. మనం తొందరపెట్టకూడదు.

తొమ్మిదో తరగతి పిల్లల్ని అడుగు, ఎనిమిదో తరగతి అయినా మంచిదే. పదో తరగతి వద్దు. వాళ్లకి పబ్లిక్ పరీక్షల టెన్షన్, స్పెషల్ క్లాసులు, మధ్యలో మనం వెళితే టీచర్లకీ ఇబ్బందే. జూలైలో మొదలుపెట్టి దసరా సెలవుల లోపు పూర్తయ్యేలా చూసుకో. సంక్రాంతి వైపుకి జరిపితే సెలవులు, పరీక్షలు అడ్డొచ్చి ఒక సెషన్‌కీ ఇంకోదానికీ మధ్య మూడేసి వారాలు పడుతుంది, పిల్లలు నేర్చుకున్నది మర్చిపోతారు. శనివారాలు పెట్టుకుంటే రెండో శనివారం బడికి సెలవని గుర్తుంచుకో. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల తేదీలు ముందే అడిగి తెలుసుకో. క్లబ్బు సంవత్సరం కూడా జూలై 1నే మొదలవుతుంది కాబట్టి, కొత్త కమిటీ ఉత్సాహంగా ఉన్నప్పుడే నీకు మనుషులు దొరుకుతారు.

మనుషుల విషయానికొస్తే, వాలంటీర్లకి జీతం లేదు, నువ్వు బాసువి కావు. వాట్సాప్ గ్రూపులో "శనివారం ఎవరైనా రాగలరా?" అని పెడితే పది మంది బొటనవేలు గుర్తు పెడతారు, శనివారం పొద్దున ఒక్కరే వస్తారు. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చెయ్యి. "ఆగస్టు మొదటి శనివారం, మూడో సెషన్, తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా. ఫీడ్‌బ్యాక్ ఎలా చెప్పాలో పావుగంటలో నేర్పాలి, తర్వాత పిల్లలతో కూర్చోవాలి. చేస్తారా?" అని అడుగు. పని ఇంత స్పష్టంగా తెలిస్తే ఒప్పుకునేవాళ్లు ఒప్పుకుంటారు, కుదరనివాళ్లు అప్పుడే చెప్పేస్తారు. కుదరదని ముందే చెప్పినవాళ్ల మీద మనసులో ఏమీ పెట్టుకోకు, వాళ్లు నీకు మేలే చేశారు. మనవాళ్లలో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు. రిలీజ్ ఉందంటే శనివారం లేదు, ఆదివారం లేదు. అందుకని ఎనిమిది సెషన్లకీ ఎనిమిది మంది ట్రైనర్లతో పాటు ఎనిమిది మంది స్టాండ్‌బై పేర్లు కూడా ముందే రాసుకో. బుధవారం ఒకసారి, శుక్రవారం రాత్రి ఒకసారి ఫోన్ చెయ్యి. విసుగనిపించినా మానకు.

నీకు తెలియకుండానే ఒక పొరపాటు జరిగే అవకాశం ఉంది. ఎవరూ రాకపోతే నేనే చెప్పేస్తాలే అనుకుంటావు, చెప్పగలవు కూడా. రెండుసార్లు అలా జరిగిందంటే ప్రాజెక్టు నీ ఒక్కదానిదే అవుతుంది, మిగతావాళ్లు మెల్లగా తప్పుకుంటారు. నువ్వు గది వెనక కూర్చో. టైమ్ చూడు, పిల్లల్ని చూడు, ట్రైనర్ పావుగంట దాటితే చెయ్యెత్తి చూపించు. ఎంత సీనియర్ అయినా సరే మొహమాటపడకు. నేను వచ్చిన రోజున నాకూ చూపించు.

పిల్లలతో ఎలా మొదలుపెట్టాలన్నది అన్నిటికంటే నాకు ఇష్టమైన విషయం. ప్రతి తరగతిలోనూ గోడవైపు కూర్చుని, పేరు పిలిస్తే తల దించుకునే పిల్లలు నలుగురైదుగురు ఉంటారు. వాళ్లని స్పీచ్‌కి పిలవకు, టైమర్‌ని చెయ్యి. టేబుల్ టాపిక్స్‌లో, అంటే అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద మాట్లాడేటప్పుడు, నిమిషానికి పచ్చ కార్డు, నిమిషన్నరకి పసుపు, రెండు నిమిషాలకి ఎరుపు ఎత్తడమే పని. చేతిలో స్టాప్‌వాచ్ పెట్టు. మొదట్లో కార్డు గడ్డం దాకా మాత్రమే ఎత్తుతారు, అది మాట్లాడేవాళ్లకి కనబడదు. "ఇంకొంచెం పైకి నాన్నా" అంటే ఎత్తుతారు. అంతలో తరగతి అంతా వాళ్ల వైపు చూస్తుంది, వాళ్లకి ఏమీ కాదు. చివర్లో టైమర్ రిపోర్ట్ చదవాలి: ఎవరు ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు. అది కాగితం చూసి చదివేదే కాబట్టి భయం ఉండదు. అలా నలుగురి ముందు మొదటిసారి నిలబడినట్టవుతుంది. తర్వాతి వారం ఆ-కౌంటర్. ఎవరు ఎన్నిసార్లు "ఆ...", "అంటే", "మరి", "సో" అన్నారో లెక్కపెట్టడం. ఆ తర్వాతే టేబుల్ టాపిక్స్, చివరికి తయారుచేసుకున్న స్పీచ్. తొందరపడితే ఈ పిల్లలే ముందు మానేస్తారు. ప్రోగ్రామ్ ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే నేను వీళ్లనే చూస్తాను. మొదటినుంచీ గలగలా మాట్లాడే పిల్లలకి మనం వెళ్లినా వెళ్లకపోయినా పెద్ద తేడా ఉండదు.

టాపిక్స్ కూడా వాళ్ల బతుకుల్లోంచే ఇవ్వు. "మీ వీధిలో ఒకటి మార్చమంటే ఏం మారుస్తారు", "వాన పడి బడికి సెలవిచ్చిన రోజు", "మీ ఇంట్లో అందరికంటే ముందు లేచేదెవరు". పర్యావరణ పరిరక్షణ, దేశాభివృద్ధిలో యువత పాత్ర లాంటివి ఇస్తే పుస్తకంలోది బట్టీపట్టి అప్పజెబుతారు.

ఫీడ్‌బ్యాక్ దగ్గర మనవాళ్లని కాస్త అదుపులో పెట్టు. క్లబ్బులో ఒకరినొకరం ఎవాల్యుయేట్ చేసుకునే పద్ధతి పిల్లలకి పనికిరాదు. "చాలా బాగా చెప్పావు" అంటే ఆ పిల్లకి తెలిసేదేమీ లేదు. "నీ కళ్లు కిందికే ఉన్నాయి, చేతులు వెనక కట్టుకున్నావు, ఉచ్చారణ సరిగ్గా లేదు" అని వరసగా చదివితే మళ్లీ లేవదు. ఒక మంచి, ఒక మార్పు, అంతవరకే చెప్పాలి. "మీ అమ్మ రాత్రి మిషన్ కుడుతుంటే ఆ చప్పుడుకి నిద్రపట్టేదని చెప్పావు చూడు, అది విన్నప్పుడు మీ ఇల్లు నాకు కనిపించింది. వచ్చేసారి మొదటి వాక్యం చెప్పేటప్పుడు వెనక బెంచీ వాళ్లని చూడు." నిమిషంలో ఇంతకంటే అక్కర్లేదు. మూడో సెషన్ తర్వాత ఫీడ్‌బ్యాక్ కూడా పిల్లలే ఒకరికొకరు చెప్పుకోవాలి. మనకంటే వాళ్లే బాగా చెబుతారు.

పిల్లలు తమలోంచి ప్రెసిడెంట్‌ని, మిగతా ఆఫీసర్లని ఎన్నుకుని, మీటింగులు తామే నడపాలి. ఈ ఎన్నిక దగ్గర జాగ్రత్త. అలవాటుగా ప్రెసిడెంట్‌గా అబ్బాయిని, సెక్రటరీగా చేతిరాత బాగుందని అమ్మాయిని ఎన్నుకుంటారు. సగం సెషన్లు అయ్యాక పదవులు మార్చుకునేలా ముందే పద్ధతి పెట్టు. మన సంస్థలోనే 1973 దాకా ఆడవాళ్లకి సభ్యత్వం లేదు. హెలెన్ బ్లాంచర్డ్ 1970లో "హోమర్" అని మగపేరు రాయించుకుని చేరింది, 1985లో అంతర్జాతీయ అధ్యక్షురాలైన మొదటి మహిళ కూడా ఆమే. ఈ సంగతి అమ్మాయిలకి తప్పకుండా చెప్పు.

కొన్ని నియమాలు మాత్రం ఎవరికోసమూ సడలించకు. మనవాళ్లు ఎవరూ పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండకూడదు, బడి టీచర్ ఒకరు ఎప్పుడూ ఉండాలి. పిల్లల ఫోన్ నంబర్లు తీసుకోవద్దు. బడి అనుమతి, తల్లిదండ్రుల సంతకం లేకుండా ఫొటోలు వద్దు, వాట్సాప్ స్టేటస్‌లో అసలే వద్దు.

ఖర్చు పెద్దగా ఉండదు. చార్టులు, కార్డులు, బిస్కెట్లు, చివర్లో సర్టిఫికెట్లు. ఎంత అవుతుందో కమిటీలో ముందే చెప్పి ఒప్పించుకో, బిల్లులు దాచు. సర్టిఫికెట్లు ప్రింట్‌కి ఇచ్చే ముందు పేర్లు హాజరు పట్టీతో సరిచూసి, ఇంటిపేరుతో సహా ప్రతి పిల్లనీ అడిగి అచ్చుతప్పులు దిద్దు. చాలా ఇళ్లలో అది ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకుంటారు, దాని మీద పేరు తప్పుగా ఉండకూడదు.

చివరి సెషన్‌కి తల్లిదండ్రులు రావాలి. కూలికీ, పనికీ పోయేవాళ్లు శనివారం రాలేరు. హెచ్‌ఎం గారు ఒప్పుకుంటే ఆదివారం పొద్దున్నే పెట్టు. ముఖ్య అతిథిని పిలవాలని ఒత్తిడి వస్తుంది. పిలిచినా శాలువా, దండ, ప్రసంగం అన్నీ కలిపి ఐదు నిమిషాలేనని పిలిచేటప్పుడే చెప్పు, ఆ ఐదు నిమిషాలూ చివర్లోనే పెట్టు. తండ్రి పని ఎగ్గొట్టి వచ్చింది తన కూతురు మాట్లాడుతుంటే చూడటానికి. ఆ పిల్ల వంతు వచ్చేసరికి టైమ్ అయిపోయిందని చెప్పే పరిస్థితి రానివ్వకు.

డీటీఎమ్ (డిస్టింగ్విష్డ్ టోస్ట్‌మాస్టర్, మన సంస్థలో అన్నిటికంటే పెద్ద గుర్తింపు) గురించి అడిగావట. యూత్ లీడర్‌షిప్ గానీ, పెద్దవాళ్లకి ఇలాగే నేర్పే స్పీచ్‌క్రాఫ్ట్ గానీ నడపడం ఆ దారిలో ఒక మెట్టే, దాన్ని కోరుకోవడంలో తప్పేమీ లేదు. సర్టిఫికేషన్ కాగితాలు మొదటి నెలలోనే, క్లబ్బులో శిక్షణ వ్యవహారాలు చూసే వీపీ ఎడ్యుకేషన్‌తో కూర్చుని చూసుకుని, ఆ సంగతి పక్కన పెట్టెయ్యి. ఇదే పనిని, ఒక జట్టుతో పని మొత్తం నడిపించే హై పెర్ఫార్మెన్స్ లీడర్‌షిప్ ప్రాజెక్టుగా కూడా చేద్దామనుకుంటే, అది కుదురుతుందో లేదో మొదలుపెట్టే ముందే ఆమెను అడుగు. కుదిరితే నీకు సలహాలిచ్చే గైడెన్స్ కమిటీలో నీ స్నేహితుల్నే పెట్టుకోకు. ఇంతకు ముందు బడిలో ప్రోగ్రామ్ నడిపినవాళ్లు ఒకరు, నీకు కాదని చెప్పగలిగేవాళ్లు ఒకరు, వీలైతే ఆ బడి టీచర్ ఒకరు ఉండేలా చూడు. మొదట్లో ప్రణాళిక మీద, చివర్లో ఫలితాల మీద క్లబ్బులో రెండు స్పీచ్‌లు ఇవ్వాలి కదా, రెండో దాంట్లో ఏం కుదరలేదో కూడా చెప్పు. తర్వాత నడిపేవాళ్లకి అదే ఎక్కువ పనికొస్తుంది.

అన్నీ అయ్యాక సెషన్ ప్లాన్లు, కార్డులు, టాపిక్స్ జాబితా ఒక ఫైల్లో పెట్టి బడిలోనే వదిలిరా. ఆసక్తి ఉన్న టీచర్ ఒక్కరు దొరికితే పిల్లలు నెలకి రెండు మీటింగులు సొంతంగా పెట్టుకోగలరు. బాగా నడిస్తే పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల కోసం మన క్లబ్బు పద్ధతిలోనే నడిచే గావెల్ క్లబ్బు ఉంది, దాని గురించి ఆలోచించవచ్చు.

హెచ్‌ఎం గారిని కలిసే రోజు చెబితే నేనూ వస్తాను. ఎనిమిది తేదీలూ ఖాయమయ్యాక నాకు పంపు. నా పేరు ఏ రెండు శనివారాలకైనా స్టాండ్‌బైగా రాసుకో, అవి ఏవో మాత్రం వారం ముందు చెప్పు.

ప్రేమతో,
అక్క